తోకల తగాదా!

బ్రహ్మంగారిమఠం అనగానే మీకు 1984లో రామారావుగారు నటించి, దర్శకత్వం వహించిన ‘శ్రీమద్విరాట్ వీరబ్రహ్మేంద్రస్వామి చరిత్ర’ గుర్తొస్తుంది కదూ! ఆ ఊళ్లోనే మా అక్క కాపురం. మొన్న వెళ్లేసరికి ఆ ఇంట్లో ఇంకో సినిమా నడుస్తోంది. హీరో రాజుగాడనే కుక్క. కొత్త తార మల్లి, ఏడు వారాల పిల్లికూన. గయ్యాళి పాత్ర కోడిపెట్టది!

రాజుగాడు తోక ఊపితే “ఆడుకుందాం రా” అని. పిల్లి తోక విదిలించిందంటే “దగ్గరికొచ్చావో, చూస్కో!” అని. భాష తెలియని మనవాడు సరదా పడి మూతి పెట్టాడు. ఫట్! ముక్కు మీద గోటిగీత. వాడి కుయ్యోమొర్రోకి కోడిపెట్ట వచ్చి ఇద్దర్నీ పొడిచి తరిమింది.

“ఏమప్పా, ఆదివారం పోతా పోతా ఈ పిల్లిని తీస్కపో” అని బావ గంప కూడా సిద్ధం చేశాడు. అక్క ముఖం చిన్నబోయింది.

పసితనంలోనే కుక్కతో అలవాటైన పిల్లికి బెదురు తక్కువ. అందుకని రాజుగాడి గోనెపట్టా మల్లికీ, మల్లి గుడ్డ రాజుగాడికీ వేశాం, వాసన తెలియాలని. తలుపుకి చెరోవైపు అన్నం పెట్టాం.

ఆదివారం పొద్దున మల్లి తోక నిటారుగా ఎత్తుకుని వచ్చింది. పిల్లులకు అదే నమస్కారం! రాజుగాడు ఊపిరి బిగబట్టి పడుకున్నాడు, పాపం, గీత గుర్తుంది మరి.

బావ గంప కోసం వెళ్లాడు. అందులో కోడిపెట్ట గుడ్డు పెట్టి కూర్చుంది. కడప బస్సు నేనొక్కణ్నే ఎక్కాను.