పుట్టకొక్కులను గుర్తించు విధము

మంచిర్యాల ప్రాంత రైతులకు

మృగశిర కార్తె ప్రవేశించి రెండు మూడు మంచి వానలు కురిసిన పిమ్మట మంచిర్యాల, చెన్నూరు, లక్షెట్టిపేట, జన్నారము ప్రాంతములయందలి టేకు అడవులలోను, అడవి నానుకొనియున్న చెల్కలలోను పుట్టకొక్కులు లేచును. వీనినే పుట్టగొడుగులనియు చెప్పుదురు. తెల్లవారుజామున గంపలు తీసికొని పోయి వీనిని ఏరి తెచ్చుకొనుట యీ ప్రాంతమున తరతరములనుండి వచ్చుచున్న ఆచారము.

అయితే అదే వానకు, ఒక్కొక్కప్పుడు అదే గట్టుమీద, కుక్కగొడుగులును మొలచును. వీనిలో కొన్ని ప్రాణము తీయునవి. 2022 ఏప్రిలు నెలలో అస్సాము తేయాకు తోటల ప్రాంతమున ఇట్టి గొడుగులను వండుకొని తిని 13 మంది మరణించిరి. కావున రైతులు ఈ క్రింది గుర్తులను తాము తెలిసికొనుటయే గాక, తమ యింటివారికిని, తమ పొలములలో పనిచేయు కూలీలకును తెలియజేయవలయును.

1. పుట్టకొక్కు పుట్టు విధము

చెదలు ఎండుటాకులు, పుల్లలు, గడ్డి కొరికి తెచ్చి నేలలోపల మెత్తని తుట్టెలు కట్టును. ఆ తుట్టెలపై ఒక తెల్లని బూజును పెంచి, దానిని ఆహారముగా వాడుకొనును. రైతు పైరును పెంచినట్లే చెదలు ఈ బూజును పెంచునని చెప్పవచ్చును. వానలకు నేల తడిసినప్పుడు ఆ బూజునుండి కాడ పుట్టి, మట్టిని చీల్చుకొని వచ్చి, పైన గొడుగు విప్పును. అదియే పుట్టకొక్కు.

ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడగు రోజర్ హీమ్ 1942లో ఈ జాతికి టెర్మిటోమైసిస్ అని పేరిడెను. దక్షిణ భారతమున దొరకు ఒక రకమునకు 1979లో నటరాజన్ అను శాస్త్రజ్ఞుడు హీమ్ గారి పేరే పెట్టెను. పుట్టకును గొడుగునకును గల సంబంధమును మన భాష అంతకు చాల పూర్వమే ఆ పేరులో ఇమిడ్చినది.

2. మంచి పుట్టకొక్కునకు గుర్తులు

(అ) తావు: ఇది చెదపుట్టమీదనో, పుట్ట చుట్టునో మొలచును. పైకి పుట్ట కనబడకున్నను నేలలో చెదల గూడు ఉండవచ్చును.

(ఆ) వేరు: ఇది అన్నిటికంటె ముఖ్యమైన గుర్తు. కాడ నేలలో అంతము గాక, సన్నని వేరువలె లోనికి దిగి చెదల తుట్టెవరకు పోవును. ఈ వేరు జానెడుండవచ్చును, అంతకు మించియు ఉండవచ్చును. పైకి లాగినచో కాడ తెగి గుర్తు పోవును. కావున కర్రతో చుట్టు మట్టిని తొలగించి, మొదలంట తీసి చూడవలయును.

(ఇ) గొడుగు: నడుమ మొనదేలిన గట్టి బొడిపె యుండును. మట్టిని చీల్చుకొని వచ్చుటకు ఇదియే సాధనము.

(ఈ) రేకులు: గొడుగు క్రింది రేకులు మొదట తెల్లగా నుండి, ముదిరినకొలది లేత గులాబివన్నెకు తిరుగును.

(ఉ) మొదలు: కాడ అడుగున సంచి యుండదు.

రూపాయి బిళ్లంత చిన్న గొడుగులు పుట్ట చుట్టు వందలకొలది ఒక్కసారిగా లేచుటయు కలదు. ఇవియు ఈ జాతివే. చెదలు బయట పారవేసిన తుట్టె ముక్కలనుండి మొలచుటచే వీనికి పొడవైన వేరుండదు. ప్రధానమైన గుర్తు లేనందున, బాగుగా తెలిసిన పెద్దవారు చూచి చెప్పినగాని వీనిని ముట్టరాదు.

3. విడువవలసినవి

సంచి గొడుగు: ఇది అమానిటా జాతిలోనిది. కాడ మొదట మట్టిలో పలుచని తెల్లని సంచి, కాడ నడుమ ఉంగరమువంటి పొర, తెల్లని రేకులు కలిగియుండును. ఈ జాతిలో కొన్ని మిక్కిలి ప్రాణాంతకములు. కత్తితో కాడను పైనుండి కోసినవారికి సంచి కనబడదు. మొదలంట తీయవలయునని చెప్పుటకు ఇది రెండవ కారణము.

పచ్చరేకుల గొడుగు: గడ్డి బీళ్లలోను, పశువుల దొడ్ల యొద్దను, ఇండ్ల పెరళ్లలోను వలయాకారముగా మొలచును. గొడుగు తెల్లగా పెద్దదిగా నుండి, పైన గోధుమవన్నె పొలుసులు కలిగియుండును. లేతగా నున్నప్పుడు రేకులు తెల్లగానే యుండి, ముదిరిన పిదప ఆకుపచ్చనగును. దీనిని తిన్నవారికి కొద్ది గంటలలోనే వాంతులు, విరేచనములు పట్టును.

వరిగడ్డి గొడుగు: క్రుళ్లిన వరిగడ్డి వాముల యొద్ద మొలచు ఈ రకము తినదగినదే. కాని దీనికిని మొదట సంచి కలదు. లేత మొగ్గ దశలో దీనిని విషపు గొడుగునుండి వేరుపరచుట కష్టము. కావున అడవిలోను చెట్లక్రిందను దొరకు సంచిగల మొగ్గలను ఎన్నడును తేరాదు.

4. పొడి పరీక్ష

విప్పారిన గొడుగును కాడనుండి వేరుచేసి, రేకులు క్రిందికి వచ్చునట్లు సగము తెల్లగాను సగము నల్లగాను ఉన్న కాగితముపై బోర్లించి, గిన్నె మూసి, రాత్రియంతయు కదల్పక ఉంచవలయును. ఉదయమునకు కాగితముపై సన్నని పొడి రాలియుండును. పుట్టకొక్కు పొడి లేత గులాబివన్నె. అమానిటా పొడి తెలుపు. పచ్చరేకుల గొడుగు పొడి ఆకుపచ్చ. పొడి తెల్లగా గాని పచ్చగా గాని ఉన్నచో పారవేయవలయును. గులాబివన్నె యొక్కటియే చాలదు. పై గుర్తులన్నియు కలిసిననే అది పుట్టకొక్కు.

5. నమ్మరాని పరీక్షలు

వండునప్పుడు వెండి నాణెము వేసిన నల్లబడుననియు, పసుపుగాని బియ్యముగాని రంగు మారుననియు, పురుగు తిన్నది మనుష్యులకు మంచిదనియు చెప్పుదురు. ఇవన్నియు అబద్ధములు. మనలను చంపు విషము పురుగులకు హాని చేయక పోవచ్చును. అమానిటా విషము ఎంత ఉడికించినను, ఎండబెట్టినను పోదు. రుచిలో చేదుండదు.

6. ఏరరాని తావులు

పుట్టకొక్కు మంచిదైనను నేల మంచిది కానిచో ముట్టరాదు. గొడుగులకు నేలలోని సీసము, పాదరసము మొదలగు లోహములను పీల్చి నిలువచేసికొను గుణము కలదు. కావున శ్రీరాంపూరు, మందమర్రి, బెల్లంపల్లి ప్రాంతములలో ఉపరితల గనుల మట్టిగుట్టలమీదను, బూడిద పోసిన చోట్లను, బొగ్గు లారీలు నడచు బాటల ప్రక్కలను మొలచినవి ఏరరాదు. చెదల మందు పోసిన పుట్టలమీదివియు, మందులు చల్లిన ప్రత్తి చేల గట్లమీదివియు అట్లే విడువవలయును. కవ్వాలు పులుల రక్షిత ప్రాంతమున అటవీశాఖవారి అనుమతి లేనిదే ప్రవేశింపరాదు.

7. విషము సోకినచో

తిన్న ఒకటి రెండు గంటలలో వాంతులగుట విషమునకు గుర్తే. కాని ఆరు గంటలు, పండ్రెండు గంటలు గడచిన తరువాత మొదలగు వాంతులు, విరేచనములు మరింత భయంకరమైనవి. అట్టివారికి రెండవ దినమున నెమ్మదించినట్లు కనబడును. ఇంటివారు గండము గడచెనని తలతురు. లోపల కాలేయము చెడుచునే యుండి, కొలది దినములలో ప్రాణముమీదికి వచ్చును. కావున నెమ్మదించినదని ఊరకుండరాదు. నాటుమందులతో కాలము గడపక, 108కు ఫోను చేసి, వెంటనే ప్రభుత్వాసుపత్రికి చేర్పవలయును. మిగిలిన కూరను, వండని గొడుగులను వెంట తీసికొని పోవలయును. అదే కూర తిన్న వారందరును, బాధ లేకున్నను, వైద్యునికి చూపించుకొనవలయును.

8. ముగింపు

పుట్టకొక్కులను ఏరిననాడే వండవలయును. పచ్చివి తినరాదు. పిల్లలు ఒంటరిగా ఏరి తెచ్చినవి వండరాదు. వండుటకు ముందు ఒక గొడుగును మొదలుతో సహా విడిగా దాచియుంచుట మంచిది. వేరు, తావు, మొదలు, పొడి అను నాలుగింటిలో ఏ ఒక్కటి సరిపోకున్నను ఆ గంపను పారబోయుడు. ఒకపూట కూర పోయినచో నష్టము లేదు.

చెదల సహాయము లేక పుట్టకొక్కులను సాగుచేయుట ఇంతవరకు లాభసాటి కాలేదు. ఇంటి అవసరమునకు గొడుగులు కోరు రైతులు వరిగడ్డిమీద ముత్యపుచిప్ప పుట్టగొడుగులను, వేడిమి నోర్చు పాల పుట్టగొడుగులను నమ్మకమైన విత్తనముతో పెంచుకొనవచ్చును. అట్లు పెంచినవానిలో ఈ భయమేమియు లేదు.