బడ్జెట్ పద్దుకి హక్కులతో పనేంటి?

బడ్జెట్ రోజు మన ఫోన్లలో తిరిగేవి రెండే ముచ్చట్లు: టాక్స్ శ్లాబ్ మారిందా, మొబైళ్ల ధర తగ్గిందా? అవి తెలియగానే స్క్రోల్ చేసేస్తాం. నేనూ అంతే. కానీ ఆస్ట్రేలియా పార్లమెంటులో ఓ కమిటీ బడ్జెట్ బిల్లులని పట్టుకుని అడిగే ప్రశ్న చదివాక, ఆ పద్దుల మీద నాకు ఎక్కడలేని ఆసక్తి పుట్టింది. ‘ఈ కేటాయింపుల వల్ల ఎవరి హక్కులకైనా దెబ్బ తగులుతుందా?’ ఇదీ ప్రశ్న.

మన రాజ్యాంగంలో ఉన్నట్టు ప్రాథమిక హక్కుల అధ్యాయం వాళ్లకి లేదు. అందుకని 2011లో ఓ చట్టం చేసుకున్నారు. పార్లమెంటుకొచ్చే ప్రతి బిల్లుకీ, ఆ దేశం ఒప్పుకున్న 7 అంతర్జాతీయ మానవ హక్కుల ఒప్పందాలకి అది సరిపోతుందో లేదో చెప్పే పత్రం జతచేయాలి. రెండు సభల నుంచీ తీసుకున్న 10 మంది సభ్యుల కమిటీ దాన్ని చదువుతుంది. అనుమానం వస్తే మంత్రికి లేఖ రాస్తుంది. మంత్రి ఇచ్చిన జవాబు కూడా జనం చదువుకోవచ్చు.

ఖజానా నుంచి డబ్బు తీసే బిల్లుల దగ్గరే పేచీ వచ్చింది. మన ద్రవ్య వినిమయ బిల్లు లాంటివన్నమాట. ‘ఇది డబ్బు తీయడానికి అనుమతి మాత్రమే, హక్కులతో దీనికి సంబంధం లేదు’ అని ప్రభుత్వం రాసిచ్చేది. 2013 నుంచీ కమిటీ ఈ మాట ఒప్పుకోలేదు. పేదలకి లాయర్ని పెట్టే పథకానికి నిధులు కోస్తే, కోర్టుకెళ్లే హక్కు కాగితం మీద మాత్రమే మిగలదూ?

నిజానికి ప్రభుత్వ వాదనలోనూ కొంత పస ఉంది. ఆ బిల్లులో శాఖ పేరు, స్థూలంగా ఓ లక్ష్యం, ఎదురుగా ఓ పెద్ద అంకె, అంతే ఉంటాయి. అందులో ఏ పథకం దాక్కుందో ఎలా తెలుస్తుంది? నన్నడిగితే అసలు భయం అక్కడే.

‘రోబోడెట్’ సంగతే చూడండి. సంక్షేమ భృతి ఎక్కువ తీసుకున్నవాళ్ల నుంచి వెనక్కి వసూలు చేసి డబ్బు ఆదా చేస్తామని 2015 బడ్జెట్‌లో ప్రకటించారు. కొత్త చట్టం అక్కర్లేదన్నారు. చట్టం లేదంటే దానికంటూ బిల్లు లేదు, హక్కుల పత్రమూ లేదు. ఆ తర్వాత కంప్యూటర్ రంగంలోకి దిగింది. మనిషి ఏడాది సంపాదనని 26 పక్షాలకి సమానంగా పంచేసింది. ఓ కుర్రాడు నాలుగు నెలలు కేఫ్‌లో పనిచేసి, మిగతా కాలం భృతి మీద బతికాడనుకోండి. లెక్కలో ఏడాది పొడుగునా సంపాదించినట్టే! ‘నువ్వు బాకీ ఉన్నావ్’ అని నోటీసు. కాదని నిరూపించుకోవాలంటే ఏళ్లనాటి పే స్లిప్పులు వెతుక్కోవాలి.

2019 నవంబరులో ఆ పద్ధతి చెల్లదని ఫెడరల్ కోర్టు తేల్చింది. మరుసటి ఏడాది 4,70,000 బాకీలకి సంబంధించి 72.1 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్లు తిరిగిస్తామని ప్రభుత్వం ప్రకటించింది. తర్వాత వేసిన రాయల్ కమిషన్ ముందు, కొడుకుల్ని పోగొట్టుకున్న తల్లులు సాక్ష్యం చెప్పారు. 2023 జులైలో వచ్చిన నివేదిక చదవడానికి గుండె దిటవు కావాలి.

కమిటీ దీన్ని ఆపగలిగేదా? చెప్పలేం. దాని మాటకి ప్రభుత్వం కట్టుబడాల్సిన పని లేదు, బిల్లు పాసైపోతుంది. కాకపోతే అడిగిన ప్రశ్న రికార్డులో ఉంటుంది.

మన సంగతి? ఆర్థిక, సామాజిక, సాంస్కృతిక హక్కుల ఒప్పందంలో ఇండియా కూడా 1979లో చేరింది. చేతిలో ఉన్న వనరులతో వీలైనంత మేర ఆ హక్కుల్ని నెరవేర్చాలనేది అందులోని మాట. మన పార్లమెంటులో శాఖల పద్దులు చూసే స్థాయీ సంఘాలున్నాయి కానీ, ప్రతి బిల్లునీ హక్కుల కోణంలో చదివే కమిటీ లేదు. 2017 ఫైనాన్స్ బిల్లు గుర్తుందా? ఎన్నికల బాండ్లకి దారి వేసిందీ, పాన్‌కి ఆధార్ తప్పనిసరి చేసిందీ అదే. ద్రవ్య బిల్లు కాబట్టి రాజ్యసభ సూచనలు మాత్రమే చేయగలదు. 5 సవరణలు సూచిస్తే లోక్‌సభ ఒక్కటీ తీసుకోలేదు. చందా ఎవరిచ్చారో తెలుసుకునే హక్కు ఓటరుకి ఉందంటూ సుప్రీంకోర్టు బాండ్లని కొట్టేసింది 2024 ఫిబ్రవరి 15న. మధ్యలో దాదాపు ఏడేళ్లు గడిచాయి.

ఖజానా మీద భారం పడే బిల్లులకి మన దగ్గరా ఓ పత్రం జతచేస్తారు. ఖర్చు ఎంతవుతుందో చెప్పే పత్రం అది.