బియర్డెడ్ డ్రాగన్ పెంచాలా? బల్లి ధర కాదు, లైటు లెక్క చూడండి

నిన్నటిదాకా లవ్ బర్డ్స్, చేపల ట్యాంకు అడిగిన పిల్లలు ఇప్పుడు ఫోన్లో రీల్స్ చూసి బియర్డెడ్ డ్రాగన్ కావాలంటున్నారు. పేరులో డ్రాగన్ ఉన్నా ఇది సాధువైన బల్లి. మన కంచెల మీద తల ఊపే తొండల కుటుంబానికే చెందుతుంది. తోకతో కలిపి ఒకటిన్నర నుంచి రెండు అడుగుల దాకా పెరుగుతుంది. భయపడినా, కోపం వచ్చినా గొంతు కింద ముళ్ల చర్మాన్ని ఉబ్బించి నల్లగా చేస్తుంది. అదే దాని గడ్డం.

అరవదు, బొచ్చు రాలదు, అలవాటైతే భుజం మీద బుద్ధిగా కూర్చుంటుంది. అందుకే ఫ్లాట్‌లో పెంచడం తేలిక అనుకుంటారు. నిజానికి సరిగ్గా చూసుకుంటే పదేళ్లు, అంతకు పైన కూడా బతికే ఈ జీవి చాలా ఇళ్లలో ముందే చనిపోతుంది. కారణం తిండి లేక కాదు, ఎక్కువసార్లు సరైన లైటు లేకనే.

లైటు ఎందుకంత ముఖ్యం?

దీని సొంత ఊరు ఆస్ట్రేలియా లోపలి ఎండు ప్రాంతాలు. దాని ఒంటికి సొంతంగా వేడి పుట్టదు. ఎండలో కాగితేనే తిన్నది అరుగుతుంది. కాబట్టి గాజు పెట్టెలో ఒక మూల 38 నుంచి 42 డిగ్రీల వేడి ఉండాలి. రెండో మూల 25 నుంచి 29 డిగ్రీల మధ్య చల్లగా ఉండాలి. వేడెక్కితే అటు, చల్లబడితే ఇటు అదే జరుగుతుంది. పెద్దదానికి కనీసం నాలుగు అడుగుల పొడవు, రెండు అడుగుల వెడల్పు పెట్టె కావాలి. చిన్న చేపల ట్యాంకులో ఈ రెండు మూలలు కుదరవు.

వేడి బల్బు ఒక్కటే చాలదు. యూవీబీ ట్యూబ్ వేరే ఉండాలి. ఆ కిరణాలు పడితేనే చర్మంలో విటమిన్ డి3 తయారై తిన్న కాల్షియం ఎముకలకు చేరుతుంది. అది లేకపోతే దవడ మెత్తబడుతుంది, కాళ్లు వంకర పోతాయి, ఒళ్లు వణుకుతుంది. ఆ దశకు వచ్చాక డాక్టర్ దగ్గరకు తీసుకెళ్లినా వంకర పోయిన ఎముక పూర్తిగా సరి కావడం కష్టం.

ఇక్కడ రెండు పొరపాట్లు ఎక్కువ. కిటికీ పక్కన పెట్టాం, ఎండ తగులుతోంది కదా అనుకోవడం మొదటిది. కిటికీ అద్దం యూవీబీని దాదాపుగా ఆపేస్తుంది. ట్యూబ్ వెలుగుతోంది కదా అని ఏళ్ల తరబడి అదే వాడటం రెండోది. వెలుగు కనిపిస్తున్నా లోపలి యూవీబీ తగ్గిపోతుంది. రకాన్ని బట్టి ఆరు నెలల నుంచి ఏడాదికి ఒకసారి మార్చాలి.

కరెంటు బిల్లు ఎంత పెరుగుతుంది?

100 వాట్ల వేడి బల్బు రోజుకు 12 గంటలు వెలిగితే 1.2 యూనిట్లు. నెలకు 36. దానికి 24 వాట్ల యూవీబీ ట్యూబ్ కలిపితే ఇంకో 8 యూనిట్ల పైనే. మొత్తం నెలకు దాదాపు 45 యూనిట్లు. తెలంగాణలో గృహజ్యోతి కింద జీరో బిల్లు వచ్చే ఇల్లు నెలకు 160 యూనిట్లు వాడుతోందనుకోండి. ఈ 45 కలిస్తే 205 అవుతుంది. 200 దాటిన నెల బిల్లు మొత్తం కట్టాల్సిందే. పెట్టె, ట్యూబులు, థర్మామీటర్, కాల్షియం పొడి, పురుగులు, డాక్టర్ ఫీజు వేరే. దుకాణంలో బల్లికి ఇచ్చేది ఒక్కసారి, ఈ ఖర్చు మాత్రం పదేళ్లు.

మన వాతావరణంలో ఇంకో చిక్కు ఉంది. మే నెలలో గదే 40 డిగ్రీలకు చేరితే దానికి చల్లని మూల మిగలదు. కోస్తా జిల్లాల్లో తేమ ఎక్కువ, గాలి ఆడకపోతే ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది. చలికాలం కరెంటు గంటల తరబడి పోతే వేడి ఉండదు. ఇన్వర్టర్ సంగతి ముందే ఆలోచించాలి.

ఏం పెట్టాలి?

పిల్లగా ఉన్నప్పుడు ఎక్కువగా పురుగులు, పెద్దయ్యాక ఎక్కువగా ఆకులు. దాని రెండు కళ్ల మధ్య దూరం కన్నా పెద్ద పురుగు పెట్టకూడదు. క్రికెట్ పురుగులకు కాల్షియం పొడి అద్ది ఇవ్వాలి. ఆవాకు, గుమ్మడి తురుము, మందార పూలు పెట్టవచ్చు. పాలకూర, తోటకూర రోజూ వద్దు, వాటిలోని ఆక్సలేట్లు కాల్షియంను పట్టేస్తాయి. అవకాడో అసలే వద్దు. మిణుగురుల్లో కొన్ని రకాలు ఒక్కటి తిన్నా ప్రాణం పోతుంది, కాబట్టి వాటిని దగ్గరకు రానివ్వకూడదు.

తోడు కోసం ఇంకొకటి తేవడం కూడా తప్పే. ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చుంటే ప్రేమ అనుకుంటారు. నిజానికి పైది కింది దాని ఎండను లాక్కుంటోంది. బియర్డెడ్ డ్రాగన్‌ను ఒంటరిగానే పెంచాలి.

ఇంట్లో చంటిపిల్లలు ఉంటే

ఆరోగ్యంగా కనిపించే బల్లి మలంలో కూడా సాల్మొనెల్లా బాక్టీరియా ఉండవచ్చు. ఐదేళ్ల లోపు పిల్లలు, గర్భిణులు, వయసు మళ్లిన దాదీ, నానీ ఉన్న ఇంట్లో ఇది తెచ్చుకోకపోవడమే మంచిది. తెస్తే, ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాలి. దాని గిన్నెలు వంటింటి సింకులో తోమకూడదు. దస్తర్‌ఖాన్ దగ్గరకు తీసుకురాకూడదు.

చట్టం ఏమంటోంది?

ఉడుము, నక్షత్ర తాబేలు, సాండా వంటి మన దేశపు జీవులను ఇంట్లో పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. బియర్డెడ్ డ్రాగన్ విదేశీ జీవి. ఆస్ట్రేలియా తన బతికున్న సొంత సరీసృపాలను వ్యాపారం కోసం బయటికి పంపనివ్వదు కాబట్టి, మార్కెట్లో అమ్మేవి బోనుల్లో పుట్టినవై ఉండాలి. మన దేశంలోకి జంతువులను తేవాలంటే దిగుమతి లైసెన్సు కావాలి. చట్టంలోని నాలుగో షెడ్యూల్‌లో ఉన్న విదేశీ జాతులను పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయాలని 2024లో కేంద్రం నిబంధనలు తెచ్చింది. కొనాలనుకున్న జాతి ఆ జాబితాలో ఉందో లేదో అటవీ శాఖ దగ్గర ముందే తేల్చుకోవాలి. అమ్మేవాడు ‘ఏం కాదు భాయ్’ అన్న మాట కాగితం కాదు. బిల్లు తీసుకోవాలి.

కొనే ముందు ఇంకో పని ఉంది. దగ్గరలో సరీసృపాలను చూసే వెటర్నరీ డాక్టర్ ఉన్నారో లేదో కనుక్కోండి. అందరూ చూడరు. మోజు తీరాక చెరువు గట్టున వదిలేస్తే అది బతకదు, బతికితే అక్కడి జీవులకు ముప్పు.

పిల్లిని కట్టేసి తిండి పెట్టని స్త్రీ గురించిన హదీసు మన ఇళ్లలో అందరికీ తెలుసు. ఈ బల్లి విషయంలో ఆకలి ఒక్కటే కాదు, వేడి, వెలుగు కూడా మన చేతుల్లోనే ఉంటాయి. అడిగేది ఎనిమిదో తరగతి పిల్లాడు. వాడు డిగ్రీ చదువుకు హాస్టల్‌కు వెళ్లేసరికి దానికి ఇంకా సగం వయసే. పొద్దున లైటు వేసేది, సాయంత్రం ఆర్పేది అప్పుడు ఎవరో ముందే తేల్చుకుని, ఆ మనిషి సరేనంటేనే దుకాణానికి వెళ్లండి.