పొగ కనబడని సంకెళ్లు
(రేడియో ప్రసంగ పాఠము. ధ్యానభాగము: 1 కొరింథీ 6:12-20)



కొరింథు సంఘానికి వ్రాస్తూ అపొస్తలుడైన పౌలు ఒకే అధ్యాయములో రెండు సంగతులు బోధించాడు. తనకు స్వేచ్ఛ ఉన్నప్పటికీ దేనికీ లోబడి బ్రతకనని 12వ వచనములో చెప్పాడు. విశ్వాసి దేహము పరిశుద్ధాత్మ నివసించే ఆలయమని 19వ వచనములో గుర్తు చేశాడు. ఈ రెండు మాటల వెలుగులో ఈ దినాన ఒక వస్తువును పరీక్షించి చూద్దాము. దాని పేరు ఇ-సిగరెట్. యువకులు వేప్ అంటారు.

నెల్లూరు జిల్లాలో ఉన్న మనకు పొగాకు క్రొత్త కాదు. కలిగిరి, డి.సి.పల్లి వేలం కేంద్రాల సంగతి ఇక్కడి రైతులందరికీ తెలుసు. మంచుకు తడిసిన పచ్చాకు కోసే కూలీలకు కొన్నిసార్లు తల తిరుగుతుంది, వాంతులవుతాయి, ఒళ్లు నీరసిస్తుంది. ఎండ దెబ్బ అనుకొని ఊరకుంటారు. నిజానికి ఆకులోని నికోటిన్ ఆ తడితో కలిసి చర్మము గుండా రక్తములో చేరినందువల్ల కూడా ఈ జబ్బు వస్తుంది. వారు చుట్ట ముట్టించలేదు, పొగ పీల్చలేదు. అయినా విషము తన పని చేసింది. ఈ ఒక్క సంగతి గ్రహిస్తే ఇ-సిగరెట్ గుట్టు తెలిసిపోతుంది. పొగ ఊపిరితిత్తులను పాడు చేస్తుంది, నిజమే. కాని మనిషిని కట్టివేసేది నికోటిన్.

మొదటిగా, దీని వేషము చూడండి. చైనాకు చెందిన హోన్ లిక్ అనే ఫార్మసిస్టు 2003లో ఇప్పటి తరహా ఇ-సిగరెట్‌ను తయారు చేశాడు. అందులో ఒక బ్యాటరీ, ఒక చిన్న తీగచుట్ట, నికోటిన్ కలిపిన ద్రవము ఉంటాయి. తీగ వేడెక్కి ద్రవాన్ని ఆవిరిగా మారుస్తుంది. నిప్పు లేదు, బూడిద లేదు. బట్టలకు పొగ కంపు అంటదు. పైగా మామిడి, పుదీన వాసనలు. పెన్నులాగా, పెన్‌డ్రైవ్‌లాగా ఉంటుంది గనుక బట్టలు ఉతికే తల్లికి కొడుకు జేబులో దొరికినా అదేమిటో తెలియదు. ద్రాక్షారసపు ఎర్రదనానికి, మెరుపుకు మోసపోవద్దనీ, చివరికి అది పాములా కాటు వేస్తుందనీ సామెతల గ్రంథము 23వ అధ్యాయములో హెచ్చరిక ఉన్నది గదా! రంగు మారింది గాని కాటు మారలేదు.

రెండవదిగా, దీని ఫలము చూడండి. "నీటి ఆవిరే కదా" అంటారు. అది నీటి ఆవిరి కాదు. ఆ ద్రవము బాగా వేడెక్కినప్పుడు ఫార్మల్‌డిహైడ్, ఎక్రోలిన్ వంటి హానికర పదార్థాలు పుడతాయి. తీగ నుండి నికెల్, సీసము వంటి లోహాల రేణువులు ఆవిరిలో కలుస్తాయి. నికోటిన్ గుండె వేగాన్ని, రక్తపోటును పెంచుతుంది. మనిషి మెదడు దాదాపు 25 ఏండ్ల వరకు ఎదుగుతూనే ఉంటుంది. ఆ వయస్సులో అలవాటైతే బంధకము మరింత గట్టిపడుతుంది. గర్భవతి వాడితే కడుపులోని శిశువుకు హాని. ఇంట్లో చిన్నబిడ్డ ఆ ద్రవాన్ని మ్రింగితే ప్రాణము మీదికి వస్తుంది.

2019లో అమెరికాలో వేప్ వాడినవారికి తీవ్రమైన ఊపిరితిత్తుల జబ్బు వచ్చింది. 2020 ఫిబ్రవరి నాటికి 2,807 కేసులు, 68 మరణాలు నమోదయ్యాయి. వారిలో ఎక్కువమంది గంజాయి సారము కలిపిన ద్రవాలు వాడినవారు. అందులో కలిపిన విటమిన్ ఇ అసిటేట్ ముఖ్య కారణమని తేలింది. కనుక ప్రతి వేప్ అలాగే చంపుతుందని చెప్పడము సత్యము కాదు. దేవుని సేవకుడు భయపెట్టడానికైనా అబద్ధమాడకూడదు. కాని చాటుగా కొన్న ద్రవములో ఏమి కలిపారో కొన్నవానికి తెలియదన్న పాఠము మాత్రము అందులో ఉన్నది.

"సిగరెట్ కంటే హాని తక్కువని ఇంగ్లండు వైద్యులే అన్నారు" అని కొందరు వాదిస్తారు. అవును, అక్కడి ప్రజారోగ్య శాఖ 2015లో అలా చెప్పింది. అయితే అది ఏండ్ల తరబడి సిగరెట్ మానలేని పెద్దవారి గురించి చేసిన పోలిక. ఎన్నడూ పొగ త్రాగని మన కుర్రవానికి ఆ పోలిక వర్తించదు. అదే దేశము ఒకసారి వాడి పారవేసే వేప్‌ల అమ్మకాన్ని 2025 జూన్ 1 నుండి నిషేధించింది.

మూడవదిగా, చట్టము సంగతి. మన ప్రభుత్వము 2019 సెప్టెంబరులో ఆర్డినెన్సు ద్వారా, అదే సంవత్సరము డిసెంబరులో చట్టము ద్వారా ఇ-సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకము, రవాణా, నిల్వ, ప్రకటనలను నిషేధించింది. మొదటిసారి అమ్మి పట్టుబడితే ఏడాది వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మరల చేస్తే మూడేళ్ల వరకు జైలు, ఐదు లక్షల వరకు జరిమానా. నిల్వ ఉంచినా శిక్ష ఉన్నది. అయితే వాడటము నేరమని ఈ చట్టము విడిగా చెప్పలేదు. "అయితే నాకేమి తప్పు?" అని అడిగే యువకునికి పౌలు ఆనాడే జవాబు చెప్పాడు. అనుమతి ఉన్నదా అని మాత్రమే అడగవద్దు, అది నన్ను ఏలుతున్నదా అని అడగాలి.

"మరి సిగరెట్లు అమ్మనిస్తున్నారు గదా?" అనే ప్రశ్న న్యాయమైనదే. 2003 నాటి చట్టము 18 ఏండ్ల లోపువారికి, విద్యాసంస్థలకు 100 గజాల లోపల పొగాకు అమ్మకాన్ని మాత్రమే నిషేధించింది. ఒక సంకెలను చూపి మరొక సంకెల తొడుక్కోవడము వివేకము కాదు, రెండూ విడవవలసినవే. పొగాకు పండించే రైతు సోదరులారా, ఇది మీమీద వేసే రాయి కాదు. అప్పు తీర్చి బిడ్డలను చదివించుకోవడానికి మీరు పడే శ్రమ దేవునికి తెలుసు. ఆ బిడ్డల కొరకే ఈ మాట.

ఇప్పుడు మనమేమి చేయాలి? తల్లిదండ్రులారా, బిడ్డ జేబులో ఇది కనబడితే మొదట చెయ్యెత్తవద్దు, కూర్చుండబెట్టి మాట్లాడండి. రాత్రి వేటలో నిద్ర ఆపుకోవడానికి బీడీ, ఖైనీ వాడే నాన్న, కొడుకును గద్దిస్తే ఆ గద్దింపు చెవికెక్కదు. ఇద్దరూ కలిసి మానండి. మానిన మొదటి వారాల్లో చిరాకు, నిద్రలేమి, ఆరాటము కలుగుతాయి. అది విశ్వాసము లేకపోవడము కాదు, శరీరము విడుదల పొందుతున్న గుర్తు. ప్రార్థించండి, వైద్యుని కూడా కలవండి. కొందరికి ఆయన కొలత ప్రకారము నికోటిన్ గమ్‌ను ఔషధముగా ఇచ్చి క్రమముగా తగ్గిస్తారు. పొగాకు మానడానికి ప్రభుత్వము నడిపే ఉచిత ఫోను 1800-11-2356.

సంఘ పెద్దలారా, తన బలహీనత ఒప్పుకొన్న యువకుణ్ణి పాటల బృందము నుండి అందరి ముందు తీసివేయకండి. అలా చేస్తే రెండవవాడు నోరు తెరవడు. ఒకరి భారము ఒకరు మోయాలని గలతీ 6:2 మనకు నేర్పుతుంది. వారానికి ఒకసారి "ఎలా ఉన్నావు తమ్ముడూ?" అని అడిగే ఒక పెద్దన్న వానికి కావాలి.

చట్టము అంగడిని మూయగలదు గాని, ఆశను మూయలేదు. కుమారుడు విడుదల చేసినప్పుడే మనిషి నిజముగా స్వతంత్రుడని యోహాను 8:36 సాక్ష్యమిస్తున్నది. ఆ విడుదల ఈ తీరములోని ప్రతి ఇంటికీ కలుగును గాక. ఆమేన్.