ట్రాక్టరు కంపెనీ కారుకు ఆరో స్థానం!
భువనగిరి అభిమానికి అదే పండుగ

భువనగిరి: కోట గుట్ట నీడన స్కూటర్లు, మోపెడ్లు బాగుచేసే ఒక యువకునికి 2023 ఫిబ్రవరి 11వ తేదీ మరపురానిది. ఆ శనివారం అతను దుకాణానికి తాళం వేసి, పొద్దున్నే హైదరాబాదు బస్సెక్కాడు. హుస్సేన్ సాగర్ ఒడ్డున జరిగే కార్ల పందెం కళ్లారా చూడాలన్నది అతని కోరిక.

అది ఆషామాషీ పందెం కాదు. ఫార్ములా-ఇ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో ఒక పోటీ. 2013లో గ్రేటర్ నోయిడాలో ఫార్ములా-వన్ పోటీ జరిగాక, ప్రపంచ ఛాంపియన్‌షిప్ కార్ల రేసు మన దేశానికి రావడం అదే మొదలు. చుక్క పెట్రోలు లేకుండా బ్యాటరీతో నడిచే 22 కార్లు పోటీలో దిగాయి. లుంబినీ పార్కు, సచివాలయం పక్కనుంచి 2.83 కిలోమీటర్ల బాట వేశారు.

మన యువకుని ఆశ అంతా మహీంద్రా జట్టు మీదనే. ఊళ్లో దుక్కి దున్నే ట్రాక్టరు కంపెనీ కారు ప్రపంచ పోటీలో ఉరుకుతుంటే చూడాలని అతని ఉబలాటం. టాటాల చేతిలో ఉన్న జాగ్వార్ జట్టు మీద కూడా కొంత నమ్మకం పెట్టుకున్నాడు. ఆ జట్టు డ్రైవరు మిచ్ ఇవాన్స్ అందరికంటే ముందు నిలిచి పందెం మొదలుపెట్టాడు. కాని కొద్దిసేపటికే ఒక మలుపులో సొంత జట్టు వాడైన శామ్ బర్డ్ కారే వచ్చి అతని కారును ఢీకొన్నది. ఒకే కాడికి కట్టిన ఎడ్లు ఒకదాన్నొకటి కుమ్ముకున్నట్టయింది. జాగ్వార్ ఆశ అక్కడితో సరి.

ఫ్రాన్సు దేశస్థుడు జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. న్యూజిలాండ్ వాడైన నిక్ కాసిడీ అర సెకను కూడా తేడా లేకుండా రెండో స్థానంలో నిలిచాడు. మూడో వాడిగా గీత దాటిన సెబాస్టియన్ బ్యూమీకి మాత్రం ఆ సంతోషం నిలువలేదు. అనుమతించిన దానికన్నా ఎక్కువ కరెంటు వాడినందుకు అధికారులు శిక్ష వేసి వెనక్కు నెట్టారు. మూడో స్థానం పోర్చుగల్ వాడైన ఫెలిక్స్ డ కోస్టాకు దక్కింది. మహీంద్రా డ్రైవరు ఆలివర్ రోలాండ్ ఆరో స్థానంలో వచ్చాడు.

ఆరో స్థానానికే ఇంత సంబురమా అని ఊళ్లో పెద్దలు నవ్వారు. వాళ్లకు అతను చెప్పే జవాబు ఒకటే. ఇది ఒట్టి ఉరుకుడు పందెం కాదు. బావిలో ఉన్న కొద్ది నీళ్లను చివరి మడి దాకా పారించే రైతు నేర్పే ఇక్కడా కావాలి. తొందరపడి ముందే ఖర్చు చేస్తే చివరి చుట్టుకు ఛార్జీ మిగలదు. హద్దు మీరి వాడితే బ్యూమీ గతే. ఈ మాట విన్నాక పెద్దలు కూడా తలలూపారు.

మరుసటేడు మళ్లీ వెళ్లాలని అతను టిక్కెట్టుకు పైసలు దాచుకున్నాడు. 2024 ఫిబ్రవరి 10న జరగవలసిన ఆ పోటీని జనవరిలోనే రద్దు చేశారు. ఆ రేసుకు చెల్లించిన సొమ్ము సంగతి తరువాత దర్యాప్తుల దాకా, కోర్టుల దాకా పోయింది. ఎవరిది తప్పో తేల్చడం తన పని కాదంటాడు అతను. యాభై కిలోమీటర్ల దూరంలో ప్రపంచ పోటీ చూసే భాగ్యం ఒక్క మధ్యాహ్నంతోనే ముగిసిందన్నదే అతని బాధ.

దాచిన పైసలు వృథా కాలేదు. బ్యాటరీ స్కూటర్ల రిపేరుకు కావలసిన పనిముట్లు కొన్నాడు.