తిప్పుతూనే ఉండాలి!

గాజు ఊదడమంటే బుగ్గలు పూరించి, గుండెల నిండా గాలి పీల్చి ఊదడమే అనుకుంటాం కదా. కాదండీ! దానికి ఊపిరి కొంచెమే చాలు. కావాల్సింది తిప్పే ఓపిక, పక్కన ఒక తోడు. సియాటిల్‌లోని ఒక స్టూడియోలో బిగినర్స్ క్లాసుకి వెళ్లాక నాకీ సంగతి తెలిసింది.

ఫీజు రెండు నెలల ముందే కట్టేశాను. క్లాసు తేదీ వచ్చేసరికి నా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం పోయింది. హెచ్1బీ వీసా మీద ఉన్నవాళ్లకి ఉద్యోగం పోతే 60 రోజులే గడువు. ఈలోగా ఇంకోటి దొరక్కపోతే పెట్టే బేడా సర్దుకోవాల్సిందే. ఇలాంటప్పుడు గాజు బుడగలేంటి అనిపించింది. మా ఆవిడే ‘డబ్బులెలాగూ వెనక్కి రావు, వెళ్లి రండి’ అంది.

ఒకప్పుడిది ఫ్యాక్టరీ పని. 1962లో హార్వే లిటిల్‌టన్ ఒహాయోలోని టొలీడోలో వర్క్‌షాపులు పెట్టి, చిన్న కొలిమి ఉంటే కళాకారులే సొంతంగా చేసుకోవచ్చని చూపించాడు. ఆయన దగ్గర చదువుకున్న డేల్ చిహులీ 1971లో సియాటిల్‌కి ఉత్తరాన పిల్‌చక్ గ్లాస్ స్కూలు మొదలుపెట్టినవాళ్లలో ఒకడు. ఈ ఊళ్లో ఇన్ని స్టూడియోలు ఉండటానికి అదో కారణం.

ఇక క్లాసు సంగతి. నూలు బట్టలు, బూట్లు, కళ్లద్దాలు తప్పనిసరి. కొలిమిలో గాజు దాదాపు 1,100 డిగ్రీల సెల్సియస్ వేడిలో పాకంలా ఉంటుంది. ఇనుప గొట్టం కొసని అందులో ముంచి, తేనెని చెంచాకి చుట్టినట్టు తిప్పి తీయాలి. తిప్పడం ఆపారా, ముద్ద కిందికి జారిపోతుంది. ఉక్కు బల్ల మీద దొర్లించి, గొట్టంలోకి చిన్నగా ఊది, వెంటనే బొటనవేలితో మూసేయాలి. లోపల చిక్కిన గాలి వేడికి వ్యాకోచించి తనంతట తనే బుడగ కడుతుంది!

తర్వాత తడిపిన న్యూస్‌పేపర్ మడత అరచేతిలో పెట్టుకుని ఆకారం దిద్దాలి. మధ్యమధ్యలో మళ్లీ వేడి చేయాలి. అసలు గండం చివర్లో ఉంది. మూతి తీర్చాలంటే గ్లాసుని గొట్టం నుంచి విడదీయాలి. నాకు జోడీగా వచ్చిన రిటైర్డ్ నర్సు ఇంకో కడ్డీ తెచ్చి గ్లాసు అడుగున అతికించింది. మెడ మీద నీటి చుక్క వేసి, గొట్టాన్ని చిన్నగా తట్టాను. టక్! గ్లాసు ఆవిడ కడ్డీకి మారింది. ఆ క్షణంలో నా పనంతా ఆవిడ చేతుల్లోనే ఉంది.

1976లో కారు ప్రమాదంలో చిహులీకి ఎడమ కంటి చూపు పోయింది. 1979లో భుజానికి దెబ్బ తగిలాక గొట్టం పట్టుకోవడమే మానేశాడు. అయినా పని ఆగలేదు. తను బొమ్మ గీసిచ్చి చెబితే బృందం ఊదేది.

తయారైన గ్లాసు వెంటనే చేతికివ్వరు. బయటి గాలికి పైభాగం త్వరగా చల్లారి, లోపల వేడి ఉండిపోతే పగులుతుంది. అందుకే 480 డిగ్రీల పెట్టెలో పెట్టి, రాత్రంతా మెల్లగా చల్లారుస్తారు. కొలిమిలోంచి వచ్చినదానికి ఆపాటి వ్యవధి ఇవ్వాలన్నమాట.

మర్నాడు తెచ్చుకున్న నా గ్లాసు కాస్త పక్కకి ఒరిగింది. నీళ్లు మాత్రం కారవు. ఇది రాసేనాటికి నాకింకా 23 రోజుల గడువుంది. పొద్దున్నే అప్లికేషన్లు పెడుతున్నాను. ఇన్నాళ్లూ మొహమాటపడి ఫోన్ చేయని పాత స్నేహితులకి ఇప్పుడు చేస్తున్నాను. ఇద్దరు రెజ్యూమె పంపమన్నారు.