మందకాడి కుక్క, మిద్దెమీది పిల్లి

మనుష్యులలో శునకప్రియులు, మార్జాలప్రియులు అని రెండు తెగలు కలవనియు, ఆ ప్రీతి వారివారి స్వభావమునుండియే పుట్టుచున్నదనియు పాశ్చాత్యదేశములందు బలమైన నమ్మిక యొకటి కలదు. అమెరికాలోని టెక్సాస్ విశ్వవిద్యాలయమునకు చెందిన శామ్యూల్ గాస్లింగ్ అను మనస్తత్త్వశాస్త్రజ్ఞుడు తన సహచరులతో గూడి 4,565 మందిని ప్రశ్నించి, కుక్కలవారు కలుపుగోలుతనమునందును, పిల్లులవారు నూతనభావములయెడ కుతూహలమునందును కొంత మిన్నగా కనబడిరని 2010లో ప్రకటించెను. ఆ మాట అచ్చటి నగరజీవనమునకు సరిపోవచ్చును. కాని కర్నూలు, కడప మండలముల మెట్టపొలములలో ఒకడు కుక్కను పెంచుటకును, మరియొకడు పిల్లిని చేరదీయుటకును స్వభావముకంటె బ్రతుకుతెరువే ప్రధానకారణమని నా తలంపు.

కుక్క మనిషిని నమ్ముకొనును, పిల్లి ఇంటిని నమ్ముకొనును అని మన పెద్దలందురు. చరిత్రయు ఇట్లే చెప్పుచున్నది. మానవుడు సేద్యమెరుగక వేటాడి తిరుగు కాలమున, పదునైదువేల యేండ్లకు పూర్వమే కుక్క అతని వెంటబడినది. పిల్లి మాత్రము అతడు గింజలు పండించి నిలువచేయ నేర్చి, ఆ గింజలకొరకు ఎలుకలు చేరిన పిమ్మటనే వచ్చినది. సైప్రస్ ద్వీపమునందు సుమారు 9,500 యేండ్లనాటి సమాధి యొకదానిలో మనిషి ప్రక్కనే పిల్లి కళేబరమును పాతిపెట్టినట్లు 2004లో శాస్త్రజ్ఞులు వెల్లడించిరి. కావున కుక్క ఆరుబయటి ప్రాణి, పిల్లి గాదెప్రక్కని ప్రాణి.

మన రాయలసీమయందు ఆరుబయటి బ్రతుకునకు కొదువ లేదు. నల్లమలలోని చెంచులకు వేటకుక్క సహచరి. పశ్చిమప్రాంతపు కురువలు గొర్రెలను తోలుకొని మేతవెంట ఊరూర తిరుగుచు, ఎరువుకొరకు రైతు పిలిచిన చేనిలో మంద నిలిపి, కంబళి కప్పుకొని ఆకాశము క్రిందనే రాత్రులు గడపుదురు. అట్టి రాత్రి తోడేలు వచ్చినను దొంగ వచ్చినను మొదట పసిగట్టునది కుక్కయే. కావున కాపరి తాను తిను సంగటిముద్దలో దానికి పాలు పెట్టుట దయచేత కాదు, కూలియిచ్చుటయే. ఆ కుక్కను ఎవరును ఒడిలో కూర్చుండబెట్టుకొనరు, ముద్దుపేర్లతో పిలువరు. కాని అది చచ్చిన దినమున కాపరి అన్నము ముట్టడు. లాలనలేని ఈ స్నేహమును ప్రేమగా లెక్కింపనివారు ప్రేమయొక్క ఒక్క రూపమునే ఎరిగినవారని చెప్పవలసియున్నది.

ఈ స్నేహమే దేవుని సన్నిధికిని ఎక్కినది. కర్నూలు జిల్లా హొళగుంద సమీపమున దేవరగట్టుమీద వెలసిన మాళమల్లేశ్వరుడు, దసరారాత్రి కర్రల సమరముచే పత్రికలకెక్కుచుండు దేవుడు, కన్నడసీమ మైలారునికిని, మహారాష్ట్రపు ఖండోబాకును సగోత్రుడే. నల్లకంబళియు, ఎలుగుబంటి వెండ్రుకల టోపీయు ధరించి, డమరుకము మ్రోయించుచు, పిల్లనగ్రోవి నూదుచు ఆడెడి గొరవయ్యలు ఆ స్వామి భక్తులు. ఖండోబాకు కుక్క నిత్యసహచరము. ఆ స్వామి క్షేత్రమైన జేజూరిలో వాఘ్యాలు అను భక్తులు తాము స్వామివారి కుక్కలమని చెప్పుకొని మొరుగుటయు కలదు. నగరవాసికి ఇది వింతగా తోచును. కాని రాత్రియెల్ల మేలుకొని ఏలినవాని మందను కాచు ప్రాణిని ప్రతిదినము చూచువానికి, దాస్యభక్తికి అంతకంటె గౌరవమైన ఉపమానము వేరొకటి యెక్కడ దొరకును? గాలివానలకు వెరవక కాచినవానికే స్వామి కుక్క యను పేరు తగునని వారి భావము.

ఇక పిల్లి సంగతి. మట్టిమిద్దెలు ఒకదానినొకటి యానుకొనియున్న సీమగ్రామములలో పిల్లికి వీథితో పనిలేదు. మిద్దెమీదినుండి మిద్దెమీదికి నడచి గవాక్షిగుండ దిగి వంటయింట చేరును. జొన్నలు గాదెలందును పాతరలందును దాచుకొను రైతుగృహిణికి అది ఎలుకలనుండి కావలి, ఉట్టిమీది పాలకు మాత్రము దొంగ. ఎదురైనచో అపశకునమని తిట్టినదియు ఆమెయే, ఈనిన పిల్లికి అటకమీద చోటిచ్చినదియు ఆమెయే.

అయితే మతచింతనయందు పిల్లికి దక్కిన స్థానము ఆశ్చర్యకరమైనది. కుక్క భక్తునికి ఉపమానము కాగా, పిల్లి సాక్షాత్తు భగవంతునికే ఉపమానమైనది. శ్రీవైష్ణవులలో తెంగలై వారు మార్జాలకిశోరన్యాయమును చెప్పుదురు: తల్లిపిల్లి తన కూనను నోట కరచుకొని పోవునపుడు కూన చేయవలసిన దేమియు లేనట్లు, శరణాగతుని భారమంతయు స్వామిదే. వడగలై వారు, మన అహోబిలమఠము ఆ శాఖదే, తల్లికోతి పొట్టను పిల్లకోతియే పట్టుకొనవలెనను మర్కటకిశోరన్యాయమును ఆదరించిరి. కూనను మోయు పిల్లిని ఇంట చూడనివాడు ఈ వాదమును శాస్త్రముగా చదువునేగాని, అందలి ఊరటను అనుభవింపజాలడు.

కడప, కర్నూలు పట్టణముల ముస్లిముల యిండ్లలో పిల్లికి శుచిత్వముకూడ కలదు. నమాజునకై సిద్ధపరచిన నీటిని పిల్లి త్రాగవచ్చినపుడు ప్రవక్త సహచరుడైన అబూఖతాదా పాత్రను దానివైపు వంచి, అది మన చుట్టు తిరుగు ప్రాణి గాన అశుచి కాదని ప్రవక్త చెప్పిరని పలికెననుట హదీసులలో ప్రసిద్ధము. కుక్క నాకిన పాత్రను ఏడుమారులు కడుగుమన్న సంప్రదాయమే, వేటకును మందకును చేనికావలికిని కుక్కను అనుమతించినది. బావిలో దిగి తన తోలుమేజోటితో నీరు తెచ్చి దప్పిగొన్న కుక్క ప్రాణము నిలిపినవానికి దైవక్షమ లభించెననియు చెప్పినది. నీటివిలువ తెలిసిన మన సీమలో ఈ కథకు వ్యాఖ్యానము అక్కరలేదు.

నేడు పాతరలు పూడిపోవుచున్నవి, మందలు తగ్గుచున్నవి. పిల్లికి దానివలన నష్టమంతగా లేదు. గింజల సంచులున్నచోట ఎలుకలు తప్పవు, ఎలుకలున్నచోట దానికి పనియు తప్పదు. కుక్క గతి వేరు. వానలు తప్పిన యేట ఆదోని, కోసిగి, మంత్రాలయము ప్రాంతములనుండి కుటుంబములు సుగ్గి యను కూలివలసకు గుంటూరు మిరపతోటలకు తరలునపుడు, ఇల్లు నమ్మిన పిల్లి ఇరుగుమిద్దె చేరును. మనిషిని నమ్మిన కుక్క బండి వెనుక ఊరిపొలిమేరదాక పరుగెత్తి తిరిగివచ్చును. దానికి ముద్దపెట్టువారు ఊరిలో మిగిలిన ముసలివారే. ఆ ముసలివారికి వచ్చు పింఛనులోనే ఆ ముద్దయు.